గుమ్మం దగ్గరవాడు

నగల దుకాణం గుమ్మంలో తూటాల్లేని తుపాకీతో నిలబడతాడాయన. హెల్మెట్ తియ్యకుండా వచ్చే ప్రతివాడూ దొంగేమోనని లోపల భయం. పైకి మాత్రం మీసం దువ్వుతాడు. ఇంటికొచ్చి, బూట్లు విప్పి, కూతురి పక్కన కూర్చుని జపాను బొమ్మల సీరియల్, యానిమే చూస్తాడు. కూతురి కళ్లు హీరో మీద, ఆయన కళ్లు కోటగుమ్మంలో ఈటె పట్టుకున్న పేరులేని భటుడి మీద. నిన్న రాక్షసుడు ఆ గుమ్మాన్ని బద్దలుకొట్టుకుని లోపలికొచ్చాడు. హీరో కత్తి దూశాడు. కూతురు చప్పట్లు కొట్టింది.

"ఆ గుమ్మం దగ్గరవాడు లేచాడా తల్లీ?"

"ఎవరు నాన్నా?"

వీడియో వెనక్కి తిప్పించి చూపించాడు. రాళ్ల కింద ఒక చెయ్యి. పొద్దున ఆయన టోపీ పెట్టుకుంటుంటే కూతురు వచ్చి చొక్కా పట్టుకుంది.

"దొంగెవడైనా వస్తే తలుపు తీసెయ్ నాన్నా. నువ్వు పక్కకి తప్పుకో."