పెదవి డాక్టర్ యేసురత్నం గారు

డాక్టర్ యేసురత్నం గారు శనివారం సాయంత్రం నల్లగొండలోని స్వగృహంలో తుదిశ్వాస విడిచారు. ఈ వార్త విని నిశ్చేష్టుణ్ణయ్యానని రాయడం సంప్రదాయం. ఈ వార్త ఏదో ఒకనాడు వస్తుందని లోకంలో అందరికన్నా ముందు తెలిసినవాణ్ణి నేనే. అయినా నిశ్చేష్టుణ్ణయ్యాను. ముందుగా తెలియడం వల్ల దుఃఖం తగ్గుతుందని వైద్యశాస్త్రం ఇంకా నిరూపించలేదు.

మక్తల్ దగ్గరి పల్లెలో, పరుల పొలాల్లో కూలి చేసుకునే దంపతులకు జన్మించారాయన. విద్యార్థి దశలోనే క్షయను జయించి, లేదా జయించానని భావించి, వైద్యుడయ్యారు. ఆయన పనిచేసిన నల్లగొండ జిల్లా దవాఖానలోనే నేను సూక్ష్మదర్శిని ముందు కూర్చునే పాథాలజిస్టును. నన్ను ఆయన 'భూతద్దం' అనేవారు. పేరు పెట్టి పిలిచారంటే ఏదో కొంప మునిగినట్టే.

ఆయన రోగి కథ వినకముందే కాలు చూసేవారు. మోకాలి కింది ఎముకపై బొటనవేలితో నొక్కి, పడిన గుంట పూడేదాకా మౌనముద్ర వహించేవారు. "మనిషి అబద్ధమాడతడు. కాలుకు గా తెలివి లేదు" అనేవారు.

ఆ కాళ్ల నుంచే ఆయనకు అమిలాయిడోసిస్‌పై పట్టుదల పుట్టింది. దేహం తానే తయారుచేసుకున్న ఒక మాంసకృత్తు కరగకుండా మూత్రపిండాల్లో, గుండెలో పేరుకుపోయే వ్యాధి అది. దీర్ఘకాలపు క్షయ దానికి తలుపు తీస్తుంది. నిర్ధారించాలంటే మూత్రపిండంలో సూది దించాలి, అందుకు హైదరాబాద్ పోవాలి, పోయేవాళ్లు తక్కువ. కింది పెదవి లోపల ఆవగింజలంత లాలాజల గ్రంథులుంటాయని, వాటిలోనూ ఈ పదార్థం దొరుకుతుందని ఎనభైల చివర ఆయన ఒక విదేశీ వైద్యపత్రికలో చదివారు. అంతే, ఆయన కోసేవారు, నేను ఎర్ర రంగు వేసి ప్రత్యేకమైన వెలుతురులో చూసేవాణ్ణి. వ్యాధి ఉంటే ముక్క పచ్చిజామ రంగులో మెరుస్తుంది.

ఒకనాడు దేవరకొండ వైపు నుంచి బాలమ్మ అనే వృద్ధురాలు వచ్చింది. ఏళ్లనాటి దగ్గు, ఉబ్బిన ముఖం. పెదవి మాటెత్తగానే కొంగుతో నోరు మూసుకుంది.

"కాళ్లు వాచినయని వస్తే మూతి కోస్తనంటవేంది సారూ? బతుకమ్మకు మా ఊళ్లె పాట ఎత్తేది నేనే. మూతి వంకర పోతే ఎవరెత్తాలె?"

"ఏం పోదవ్వా. చీమ కుట్టినంతనే."

"గట్లయితే ముందుగాల నువ్వు కుట్టిచ్చుకో!"

వరుసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, కింది పెదవి తిరగేసి పట్టుకున్నారు. "రావయ్యా భూతద్దం, కొయ్యి. పక్కన పెట్టి పోల్చుకోవడానికి నీకో జబ్బులేని ముక్క కావాలె గద!"

మత్తుసూది, చిన్న గాటు, ఒక కుట్టు. బాలమ్మ దగ్గరికొచ్చి పరిశీలించింది.

"మాట్లాడు సారూ."

మాట్లాడారు.

"జర పాట పాడు."

పాడారు. దివంగతుల గురించి మంచే చెప్పాలి కనుక ఆ గానాన్ని గురించి ఇంతటితో ఆపుతాను. బాలమ్మ జాలిపడి నోరు తెరిచింది.

ఆమె ముక్కలో ఏమీ లేదు. పోల్చుకోవడానికి పెట్టిన ముక్క పచ్చిజామ రంగులో మెరిసింది.

సీసాలు తారుమారయ్యాయనుకున్నాను. మా దవాఖానలో అలా జరగకూడదని రోజూ కోరుకునేవాణ్ణి, ఆ రోజు మాత్రం జరిగి ఉండాలని కోరుకున్నాను. ఆయన గదికి వెళ్లి, "సార్, సీసాలు మారినట్టున్నయి. ఇంకోసారి కోద్దాం" అన్నాను.

ఆయన ప్యాంటు పైకి లాగి, తన కాలి ఎముకపై తానే బొటనవేలితో నొక్కుకున్నారు. పొద్దంతా నిలబడడం వల్ల వచ్చిందని ఆయన చాలాకాలంగా తీసిపారేసిన వాపు అది. ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. గుంట పూడలేదు.

"మారలేదు, సుధాకర్" అన్నారు.

బాలమ్మది వేరే వాపు, మందులకు లొంగింది. ఈయనది లొంగే రకం కాదు. హైదరాబాద్‌లోని పెద్ద వైద్యులు మా నిర్ణయాన్ని ధ్రువీకరించి, కొన్ని బిళ్లలు రాసిచ్చారు. అవి ఆయనకు వికారాన్ని ప్రసాదించాయి. ఆయన తిరిగొచ్చి మళ్లీ పెదవులు కోయసాగారు.

"మందు లేని జబ్బును కనిపెట్టి ఏం లాభం సార్?" అని అడిగాను.

"నువ్వు ముక్కలే చూస్తవు. ఏమైందో తెలువక చచ్చేటోని మొకం చూడలేదు" అన్నారు.

చివరి వారం మంచం పక్కన కూర్చున్నప్పుడు నా చేయి పట్టుకున్నారు. "గా మాట వాపసు తీసుకుంటున్న. తెలిసి చచ్చుడుల కూడా పెద్ద ఫరక్ ఏం లేదు." నేను ఏదో ఓదార్పు మాట వెతుక్కుంటుంటే, "నీకు చాతకాదు గని, ఊకో" అన్నారు.

సోమవారం యాదగిరిగుట్ట వైపు నుంచి ఒకాయన వాచిన కాళ్లతో వచ్చి, "పెదవి డాక్టర్ సారు ఏ రూముల ఉంటడు?" అని అడిగాడు. చెప్పాను.

"అయ్యో... మరి నాకు గిప్పుడెట్ల?"

కత్తి పట్టడం నాకు వచ్చు. రంగు సీసా నిండుగానే ఉంది. ఎవరి పెదవి కోయాలో, కోసినాక ఆ మనిషి ముఖంలోకి ఎలా చూడాలో తెలిసిన మహానుభావుడు లేడు. ఆయన స్మృతికి శిరసు వంచడం తప్ప నాకేం తోచలేదు. ఆ పని చేసి, వచ్చినాయనకు హైదరాబాద్ బస్సు ఎక్కడ ఆగుతుందో చెప్పాను. అతను మాత్రం తన ఊరికి పోయే బస్సే ఎక్కాడు.