ఒకటి నొక్కిన రాజనర్సు

బోధన్‌ల అందరూ షుగర్ ఫ్యాక్టరీ కూత విని గడియారం సరిజేసుకునేటోళ్లు. రాజనర్సు గడియారం చూసినంకనే ఫ్యాక్టరీ కూసేదని వాళ్ల గల్లీల ఒక మాట ఉండేది. ఆ మాట పుట్టిచ్చింది రాజనర్సే అయినా, కాదన్నోళ్లు లేరు. చదివింది ఊరి బడిల అయిదో తరగతి దాకనే. అయితేంది? చెరుకు కాంటా కాడ కొలువు చేసి మచ్చ లేకుంట రిటైరయిండు. కొట్లాడి గల్లీకి నల్లా తెచ్చిండు. కలెక్టర్ ఎదురుంగ కుర్సీల కూసొని మాట్లాడిండు. అన్నిటికి మించి, ఆ గల్లీల మొట్టమొదటి మొబైలు ఫోను ఆయనది.

ఆ ఫోనును చిన్న సంచిల వేసి మెడకు తగిలిచ్చుకునేటోడు. చుట్టుపక్కలోళ్లు ఎవరు ఏ దరఖాస్తు నింపినా ఫోన్ నంబరు కాడ ఆయన నంబరే రాసేది. "రాసుకోండ్రి, నాకేం బరువా?" అనేటోడు. దుబాయ్ నుంచి ఆత్మారాం ఫోన్ చేస్తే అరుగు మీద నుంచే కేకేసేటోడు:

"ప్రమీలా! నీ మొగడు లైన్ల ఉన్నడు, చాట కింద పెట్టు!"

ఎదురింటి ప్రమీలమ్మ బీడీలు చుట్టే చాట పక్కకు పెట్టి ఉరికొచ్చేది. ఫోను చెంపకు ఒత్తుకొని ఆమె మాట్లాడుతుంటే ఈయన మర్యాదగ అటు తిరిగి కూసునేటోడు. ఆ చెంప తడి అంటిన ఫోను తిరిగి చేతికొచ్చినప్పుడు, కలెక్టర్ ఎదుటి కుర్సీ గూడ దీనికి దిగదుడుపే అనిపించేది.

రెండువేల ఎనిమిదిల దవాఖానోళ్లు దగ్గు సర్వే పెట్టిండ్రు. సర్వే చేసే తారాబాయి ముందుగాలనే చెప్పింది: "ఒక్క ప్రశ్ననే మూడు తీర్ల అడుగుతం బాపు. ఒకసారి ఇంటికొచ్చి, ఇంకోసారి ఫోన్ల మాట్లాడి, ఆఖరుకు మిషన్‌తోని అడిగిపిస్తం. ఏ తీరుగ అడిగితే జనం నిజం చెప్తరో సూడాలె."

"నిజం చెప్పేటోనికి ఏ తీరైతేంది?" అన్నడు రాజనర్సు.

అనుడైతే అన్నడు గని, అప్పటికే ఆయనకు దగ్గు పట్టి నెల దాటింది. దుప్పటి నోట్ల కుక్కుకొని దగ్గుతున్నడు. టీబీ అని తేలితే మందులు మింగుడు పెద్ద పని కాదు. మరి ఆయన నోటి కాడి ఫోనును మళ్ల ఎవరు చెంపకు పెట్టుకుంటరు? ఆ అరుగు ఎవరెక్కుతరు?

తారాబాయి ఇంటికొచ్చి అడిగిన నాడు అరుగు నిండ ఆడోళ్లున్నరు. "దగ్గా? నాకా? ఉక్కు గుండె ఇది!" అని ఎదురు రొమ్ము చరుచుకున్నడు. ఫోన్ల అడిగిన నాడు చాయ హోటల్ల దోస్తుల నడుమ ఉన్నడు. "లేదు, లేదు" అని పెట్టేసిండు. ఆఖరుకు మిషన్ ఫోన్ చేసింది. దగ్గు ఉంటే ఒకటి నొక్కాలె, లేకుంటే రెండు. పక్కన పురుగు లేకున్నా రెండే నొక్కిండు.

తెల్లారి మళ్ల అదే మిషన్, అదే గొంతు, అదే ప్రశ్న. మనుషులందరు నమ్మిండ్రు, ఈ మిషన్ నమ్మలేదు, అందుకే మళ్ల అడుగుతున్నదనుకున్నడు. అటు ఇటు చూసి ఒకటి నొక్కిండు. "ధన్యవాదాలు" అన్నది మిషన్. గుండె మీది బండ కొంచెం జరిగినట్టయింది.

కొన్ని దినాలకు తారాబాయి తెమడ పరీక్ష డబ్బి పట్టుకొని గల్లీలకు వచ్చింది. రాజనర్సు అరుగు మీద బిగుసుకపోయిండు. ఆమె ఈయన దిక్కు రాలే. ఎదురింటి గడప ఎక్కింది. బీడీ ఆకు ఇచ్చే టేకేదారు లింబయ్య అప్పుడే ఆడ కాంటా పెట్టి ఆకు జోకుతున్నడు.

"ప్రమీలమ్మా, ఫోన్ల దగ్గు ఉన్నదని చెప్పినవు గద, ఈ డబ్బిల తెమడ పట్టియ్యి."

"నేనెప్పుడు చెప్పిన? నాకు దగ్గేంది!"

లింబయ్య కాంటాల ఉన్న ఆకు కట్ట తీసి తన సంచిల వేసుకున్నడు. "పరీక్ష తేలేదాక నీకు ఆకు లేదమ్మా. జనం నోట్ల పెట్టుకునే సరుకిది."

"లింబన్నా, పిల్లలకు ఏం పెట్టాలె?"

"దగ్గు లేదని చూపియ్యి, ఇస్త."

ప్రమీలమ్మ రాజనర్సు అరుగు ముందటికి ఉరికొచ్చింది. "బాపూ, ఫోను నీ మెడలనే ఉంటది గద! నా పేరు మీద ఎవరు చెప్పిండ్రు?"

గల్లీ అంత జమయింది. "మిషన్ తప్పయి ఉంటది" అన్నడు రాజనర్సు, మెల్లగ.

"తప్పు కాదు బాపు" అన్నది తారాబాయి. "నీ నంబరు మీద రెండిండ్లున్నయి. ఇంటికొక ఫోన్ వస్తది. మొదలు వచ్చింది నీ ఇంటిది, దానికి రెండు నొక్కి ఉన్నది. తెల్లారి వచ్చింది ప్రమీలమ్మది."

మిషన్ తనను అనుమానించలేదని రాజనర్సుకు అప్పుడు సమజయింది. ఎదల నుంచి దగ్గు ఎగదన్నుకొచ్చింది. పండ్లు బిగవట్టి మింగిండు. లేచి లోపటికి పోదామంటే ముందట ప్రమీలమ్మ నిలవడ్డది. కూసుందామంటే లింబయ్య సంచి మూతి కడుతున్నడు.

"ఆ ముడి వెయ్యకు లింబయ్యా" అన్నడు. "ఒకటి నొక్కింది నేను. దగ్గు నాది. తారాబాయీ, ఆ డబ్బి ఇటు తే."

తారాబాయి డబ్బి చేతికిచ్చింది. "ఇంటికొస్తే లేదంటివి, ఫోన్ల అడిగితే లేదంటివి. మిషన్‌కు చెప్పినవా బాపు?"

"అది నన్ను ఎరుగది బిడ్డా."

లింబయ్య కట్ట మళ్ల కాంటాల పెట్టిండు.

పొద్దుగూకంగ దుబాయ్ ఫోన్ మోగింది. రాజనర్సు కేకేసిండు గని, గొంతు గల్లీ దాటలే. అయినా ప్రమీలమ్మ వచ్చింది. వచ్చి అరుగు కింద ఆగింది. ఆమె ఆగుడు చూసి ఆయన ఫోను అరుగు మీద పెట్టి దర్వాజ లోపటికి జరిగిండు. ఆమె కొంగుతోని తుడిచింది, మళ్ల తుడిచింది. చెంపకు ఆనియ్యలే. స్పీకర్ నొక్కి, చెయ్యి చాపి పట్టుకున్నది.

"ఏమయిందే, లోతు బాయిల నుంచి మాట్లాడినట్టు వినవడ్తుంది?" అన్నడు ఆత్మారాం.

"ఏం కాలే. నువ్వు తిన్నవా?"

దర్వాజ లోపట రాజనర్సు, అలవాటు కొద్ది, అటు తిరిగి కూసున్నడు.