పెరిగే అంకెలు

మా జిల్లా బడుల గ్రాంట్ల ఆఫీసులో ముప్పై ఏళ్లుగా వెల్మా కొస్కెలా ఒక్కతే. చెవి మీద ఎర్ర పెన్సిల్, మెడలో తాడుకు వేలాడే కళ్లద్దాలు, పక్కన చల్లారిన కాఫీ. దరఖాస్తు రాసిన ప్రతి టీచరూ ముందుగా ఆమె ఎదుట కూర్చోవాల్సిందే. ఆమె దిద్దితే సరుకుల చీటీకైనా గ్రాంటు వస్తుందని మా నమ్మకం. "కష్టం చెప్పుకోకు నాయనా, కొలిచి చూపించు. పెరిగే అంకెలంటే ఇచ్చేవాళ్లు పడిచస్తారు," అనేది.

నవంబరులో ఒక ఉదయం మూడో తరగతి టీచరు రాండల్ కొలత పరికరాలు కావాలని దరఖాస్తు తెచ్చాడు. పిల్లలు స్కేలుతో కొలిచి రాసిన పట్టిక దానికి జతచేశాడు. సెప్టెంబరులో మూడు మిల్లీమీటర్లు, అక్టోబరులో ఐదు, పోయిన వారం తొమ్మిది.

"భలే పెరుగుతోందే," అంటూ వెల్మా తొమ్మిది చుట్టూ ఎర్రగా గీత గీసింది. "ఏం మొక్క ఇది?"

"మొక్క కాదండీ. మా గదిలో పైకప్పును మోసే గోడకు పగులు. మరమ్మతుకు గ్రాంటు రాదని మీరే అన్నారుగా, అందుకని పాఠం చేశాను."

పెన్సిల్ ఆగిపోయింది. రాత్రి నుంచి కురుస్తున్న మంచు కిటికీ అవతలి పైకప్పుమీద మోకాలెత్తున పేరుకుని ఉంది.

"పిల్లలెక్కడున్నారు?"

"గదిలోనే. ఇవాళ కొలిచే రోజు కదా."