పాత టిల్లర్‌ని బతికించిన మా బావ

మా బావ పోయాడన్న కబురు వచ్చేసరికి నేను పొలంలో గట్టు చెక్కుతున్నాను. కబురు తెచ్చింది మా అమ్మాయే. "నాన్నా, మావ ఎలిపోనాడు" అంది, అంతే. మధ్యాహ్నం అన్నం తిని పడుకున్న మనిషి మళ్ళీ లేవలేదట. నాకు ఏడుపు రాలేదు. చేతిలో పార బరువెక్కిపోయింది. ఈ వయసులో ఎవరు పోయినా ముందు అలసటే వస్తుంది, దుఃఖం తర్వాత నెమ్మదిగా నడిచి వస్తుంది.

ఆయన నా భార్యకి స్వయానా అన్న. కోటబొమ్మాళి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో పాత నాగళ్ళు, కల్టివేటర్లు, పవర్ టిల్లర్లు బాగుచేసేవాడు. కంపెనీవాళ్ళు సామాను దొరకదని చెప్పి పంపేసినవన్నీ చివరికి ఆయన దగ్గరికే చేరేవి. ఏడో తరగతి చదివినవాణ్ణి, నా రాతలో తప్పులుంటే సర్దుకోండి. ఆయన గురించి రాయకపోతే మాత్రం నాకు అన్నం సయించేలా లేదు.

యంత్రం తీసుకెళ్తే మా బావ ముందు యంత్రాన్ని ముట్టేవాడు కాదు. పొలం గురించి అడిగేవాడు. ఏ మన్ను, నీళ్ళెక్కడ నిలుస్తాయి, ఎవరు దున్నుతారు. తర్వాత అరిగిన ముక్కని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ తిప్పేవాడు. ఒకసారి నా టిల్లర్ బ్లేడు అలాగే చూసి, "బావా, నువ్వు ఎప్పుడూ ఎడం పక్కకే తిరుగుతన్నావు. కుడి మోకాలు నొప్పేటి?" అన్నాడు. ఆ మోకాలి సంగతి నేను ఇంట్లో కూడా చెప్పలేదు. ఇనప ముక్కలో నా మోకాలు కనిపించిందాయనకి.

నా టిల్లర్ ఎంత పాతదంటే దాని బ్లేడ్లు ఇప్పుడు ఎక్కడా దొరకవు. లారీ కమాను పట్టీలు కోసి, కాల్చి, వంచి ఆయనే చేసేవాడు. ఒక్కోదాని మీద ఉలితో చిన్న గాటు పెట్టేవాడు. పదునున్న వైపు అదన్నమాట. ఆ గాటు ముందుకి ఉండేలా బిగించాలి. "కొత్తది కొనుక్కోరాదా, నా పేణం తీస్తన్నావు" అని తిడుతూనే చేసేవాడు.

మొన్న చలికాలంలో పక్షవాతం వచ్చి ఆయన కుడిచెయ్యి పడిపోయింది. పిల్లల్లేరు. షెడ్డు మూతపడుతుందనుకున్నాం. ఎచ్చెర్లలో డిగ్రీ చదివి ఉద్యోగ పరీక్షలు రాసుకుంటున్న మా అమ్మాయి, మావని చూసొస్తానని వెళ్ళి స్పానర్ పట్టుకుంది. మర్నాడూ వెళ్ళింది. నాకది నచ్చలేదు. చదువుకున్న పిల్ల చేతికి గ్రీజేమిటని బావతో గొడవపడ్డాను. "దానికి సెయ్యుంది, నాకు నోరుంది. మధ్యన నీకేటి బాధ?" అన్నాడు. ఆ రోజు నుంచి నేను షెడ్డు గడప తొక్కలేదు.

ఇక నా వెధవ పని చెప్పాలి. దసరాకి యంత్రాలకు పూజ చేస్తాం కదా. నిరుడు ముచ్చటపడి బ్లేడ్లన్నీ విప్పి, రెండు పూతలు ఎర్రరంగు వేసి, పసుపు కుంకుమ పెట్టాను. గాట్లన్నీ రంగుతో నిండిపోయాయి. నాకా ధ్యాసే లేదు.

ఈ ఏడాది కాలవ నీళ్ళు ఆలస్యంగా వచ్చాయి. ఆకుమడిలో నారు ముదిరిపోతోంది. ఇంకో రెండు మూడు రోజులు దాటితే అది నాటినా పిలకలు వెయ్యదు, ఏడాది తిండి పోయినట్టే. మాది కాలవ చివరి ఊబి మడి, ట్రాక్టర్ దిగితే కడుపుదాకా కూరుకుపోతుంది. పాత టిల్లరే దిక్కు. పంతం కొద్దీ అమ్మాయికి చెప్పకుండా, దసరాకి విప్పిన బ్లేడ్లు నేనే బిగించాను. మడిలో దింపితే కొయ్యదు, మేకపిల్లలా గెంతుతుంది. మన్ను గట్టిపడిందేమో అనుకుని పొద్దున్నుంచీ ఒళ్ళంతా దాని మీద వేసి తొక్కాను. మధ్యాహ్నానికి లోపల గొలుసు తెగింది. బురదలోనే కూలబడ్డాను.

గత్యంతరం లేక టిల్లర్‌ని ఆటోలో వేసుకుని షెడ్డుకి తీసుకెళ్ళాను. నులక మంచం మీంచే చూసి, "ఎవుడు తగిలించినాడు ఇవి?" అన్నాడు బావ. మా అమ్మాయి అప్పటికే చాకుతో రంగు గీకుతోంది.

"మావా, గాట్లన్నీ ఎనక్కున్నాయి."

ఆయన సగం మూతితో నవ్వాడు. "మీ నాన్న పెళ్ళికూతురికి పారాణి ఎట్టినట్టు ఎట్టినాడే."

ఆ నవ్వులో నా పంతం కాస్తా పోయింది. పిల్ల పక్కన కూచుని బోల్టులు అందించాను. ఆయన చెబుతున్నాడు, తను చేస్తోంది. తెగినచోట లింకు వేసింది. ఇంకా బిగించమన్నాడు. పిల్ల చెయ్యి ఆపేసింది.

"ఒద్దు మావా. ఇది సాగిపోయిన గొలుసు. బిగిస్తే మళ్ళీ తెగిపోద్ది. కొంచెం వొదులుండాల."

ఆ షెడ్డులో ఆయన మాటకి ఎదురు చెప్పినవాళ్ళు లేరు. బావ తన మంచాన్ని గొలుసు దగ్గరికి జరపమన్నాడు. ఎడమచేతి వేలితో నొక్కి చూశాడు. చాలాసేపు నొక్కాడు.

"అలాగే ఉంచు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న పొలానికి వస్తానని పట్టుబట్టాడు. కుర్చీలో కూచోబెట్టి మోసుకెళ్ళి గట్టు మీద దింపాం. మా అమ్మాయి చీరకుచ్చెళ్ళు ఎగదోపి టిల్లర్ పట్టుకుని మడిలో దిగింది. బావ యంత్రం వైపు చూడలేదు, పిల్ల వైపూ చూడలేదు. వెనకాల తిరగబడుతున్న మన్ను వైపే చూశాడు. వెన్నలా మెదిగింది మన్ను. రెండు చుట్లు అయ్యాక నా వైపు తిరిగి, "ఇంక నన్ను లెగదీయకండి బావా, పిల్ల సూసుకుంటాది" అన్నాడు. ఆయన నోట అంతకంటే పెద్ద మెప్పు నేనెప్పుడూ వినలేదు. గట్టు మీద నిలబడి నేను వెక్కివెక్కి ఏడ్చాను. నాలాంటి ముసలాడికి ఒక్కసారే అంత సంతోషం ఇవ్వకూడదు, తట్టుకోలేడు.

నాట్లు పడ్డాయి. పైరు పచ్చబడింది. మూడు వారాలకి ఆయన పోయాడు.

కర్మ అయిన రెండోనాడు షెడ్డు ముందు కూచున్నాం. సన్నగా వర్షం. అలిసిపోయి ఉన్నాం. నౌపడ నుంచి ఒక రైతు ఆటో మీద వంగిపోయిన కల్టివేటర్ కట్టుకుని వచ్చాడు. పెద్దాయన ఉన్నాడా అని నన్నడిగాడు. మా అమ్మాయే లేచి మావ పోయాడని చెప్పింది. "దింపండి, సూద్దాం. మీది ఏ మన్ను?" అంది.

అతను ఆమెనీ, వచ్చిన రోడ్డునీ మార్చి మార్చి చూశాడు. వెనక్కి తిరుగుతాడేమో అనుకున్నాను.

"సవుడు నేల అమ్మా" అన్నాడు చివరికి.

తాడు తడిసి ముడి బిగుసుకుపోయింది. ఆటోకి అటు పక్క అతను, ఇటు పక్క మా అమ్మాయి వంగి, ఆ వానలోనే ముడి విప్పుతున్నారు.