మెట్ల దగ్గర ఎవరున్నారు

అమెరికాలో, పెద్ద సరస్సు ఒడ్డునున్న రేవు పట్టణం దులూత్‌లో రోల్ఫ్ హాగెన్ అనే లాయరు దగ్గర పనిచేసేది ఐలా నీమి. పెళ్లి పెటాకులయ్యాక చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే ఉండిపోయింది. విచారణకు ముందు ఎదుటి పక్షానికి పంపే ప్రశ్నలు రాయడం ఆమె పని. వాళ్లు ప్రమాణం చేసి జవాబులు రాసివ్వాలి. ఇంటికి వెళ్తే మాత్రం ఆమెను "తిన్నావా" అని అడిగే దిక్కు లేదు.

ఒక చలికాలం వెర్నర్ లాక్సొ అనే ముసలాయన వచ్చాడు. ఆయన తన అక్కను చూడ్డానికి వేరే ఊరు వెళ్లిన రోజున, అద్దె ఇంటి వెనక మెట్ల మీద మంచు గడ్డకట్టి భార్య హిల్యా జారిపడింది. తలకు దెబ్బ తగిలి, ఆస్పత్రి చేరేలోపే పోయింది. ఆ భవనం యజమానుల మీద ఆయన దావా వేశాడు.

ఐలా ప్రశ్నలు రాసింది. మంచు తీయాల్సింది ఎవరు? ఉప్పు ఎప్పుడు చల్లారు? అక్కడ ఇంతకుముందు ఎవరైనా పడ్డారా? రాసినవి వెర్నర్‌కు చదివి వినిపించింది.

"బాగానే ఉన్నాయమ్మా. ఒక్కటి వదిలేశావు."

"ఏంటండీ?"

"అది పడిపోయాక పక్కన ఎవరైనా ఉన్నారా అని."

ఐలా దాన్నీ చేర్చింది. రోల్ఫ్ కొట్టేశాడు. "ఎవరుంటే మనకేంటి? ఇన్ని ప్రశ్నలే అడగాలని కోర్టు నియమం. వృథా చెయ్యకు."

"అక్కడున్నవాళ్లు మంచు చూసుంటారుగా, రోల్ఫ్ గారూ. మనకి సాక్షులు."

ఆయన కళ్లద్దాల మీదుగా చూశాడు. "సాక్షుల కోసమా, ముసలాయన కోసమా?"

ఐలా కాగితాన్ని మళ్లీ ఆయన ముందుకు జరిపింది.

"సరే, పెట్టు. సాక్షులనే రాయి."

పడిన దగ్గర్నుంచి అంబులెన్సు వచ్చేదాకా మెట్ల దగ్గర ఉన్నవారి పేర్లు, వారు చూసింది, చేసింది తెలపండి అని రాసి పంపింది.

సరస్సు మీద మంచు పగిలే రోజుల్లో జవాబులొచ్చాయి. చాలావాటికి 'అభ్యంతరం', 'గుర్తులేదు' అనే ఉంది. ఈ ఒక్కదానికి మాత్రం మనిషి పేరుంది. వార్సమే అనే అతను, భవనంలో ఊడ్చే పనివాడు, తన కోటు విప్పి ఆమెకు కప్పి, చెయ్యి పట్టుకుని మాట్లాడుతూ కూర్చున్నాడట.

ఐలా వెర్నర్‌ను పిలిపించి చదివింది. ఆయన టోపీ నలుపుతూ ముందుకు వంగాడు.

"ఏం మాట్లాడాడట?"

"అది రాయలేదండీ."

"మళ్లీ అడగొచ్చా?"

అడుగుదామనే అనుకుంది. ఇంతలో యజమానులు రాజీకొచ్చారు, ఇక ప్రశ్నలు పంపే వీల్లేకపోయింది. సంతకాలకు వెర్నర్ యాలకుల రొట్టె పట్టుకొచ్చాడు.

"ఆ వార్సమే ఇప్పుడు రేవులో పనిచేస్తున్నాడట. ఆదివారం వెళ్లి కలుస్తా. నువ్వూ రామ్మా."

"ఆఫీసు పద్ధతి కాదండీ," అనేసింది, అలవాటుగా. ఆయన బలవంతపెట్టలేదు. ఆ ఆదివారమంతా ఆమె కిటికీ దగ్గరే కూర్చుంది. ఎందుకు కాదన్నానా అనుకుంటూనే ఉంది.

సోమవారం వెర్నర్ ఫోన్ చేశాడు.

"అతను మాట్లాడింది వాళ్లూరి ఎండల గురించట అమ్మా. అది చలికి వణుకుతుంటే, ఇసుక కాళ్లు కాల్చేస్తుందని, మేకలు కూడా నీడ వదలవని చెబుతూ కూర్చున్నాట్ట. మా హిల్యా నవ్విందట."

ఆయన వెంటనే ఫోన్ పెట్టేశాడు.

ఆ మాట ఎవరికైనా చెప్పాలనిపించింది ఐలాకు. రోల్ఫ్ కోర్టుకెళ్లాడు. ముందు గదిలో ఎవరూ లేరు. చెల్లెలితో మాటలు మానేసి ఏళ్లయింది. అయినా చెల్లెలి నంబరే నొక్కింది. అవతల మోగుతూనే ఉంది, ఐలా పెట్టెయ్యలేదు.