క్యాసెట్‌కెక్కిన ఉప ఎన్నిక

తొంభైలలో ఒమన్‌లోని బహ్లాలో మా రూమ్ మొత్తానికి టేప్‌రికార్డర్ ఒక్కటే. అది నాది కాబట్టి ఇంటికి మాట పంపాలంటే అందరూ నా మంచం దగ్గరికే వచ్చేవారు. చెప్పేదంతా క్యాసెట్‌లో చెప్పి, ఛుట్టీ మీద ఊరికి పోయేవాడి చేతికిచ్చేవారు.

ఆ ఏడు మా మేస్త్రికి ఇంటి నుంచి క్యాసెట్ వచ్చింది. ఈసారైనా వస్తావా, రావా, ఆ ఒక్క మాట చెప్పమని భార్య అడిగింది. పాపం, ఏళ్ల తరబడి ఎదురుచూస్తోంది. ఈయనకేమో ఛుట్టీ అప్పటికే ఖాయమైంది. శుక్రవారం తీరిగ్గా చెబుతానని మురిసిపోయాడు.

సరిగ్గా అప్పుడే మా ఎంపీ పోయాడని, ఉప ఎన్నిక వస్తుందని కబురు అందింది. పోయినాయన కొడుక్కే టికెట్ ఇవ్వాలని మేస్త్రి అన్నాడు. ఆయన బామ్మర్ది, మా రూమ్‌లోనే ఉండే కార్పెంటర్, ఇన్నాళ్లూ జెండా మోసిన మండల నాయకుడికే ఇవ్వాలన్నాడు. ఇద్దరిదీ ఒకే పార్టీ. ఇక్కణ్నుంచి ఇద్దరికీ ఓటేసే దారి లేదు. అయినా రెండో రోజుకే పొయ్యిలు వేరయ్యాయి. బామ్మర్ది పప్పు బాగా చేస్తాడు, బావ చేపల కూర బాగా చేస్తాడు. అందుకని నేను ఏ పక్షంలోనూ చేరలేదు.

శుక్రవారం బటన్ నొక్కగానే మేస్త్రి గొంతు సవరించుకుని ఊరివాళ్లందరికీ నమస్కారం పెట్టాడు. ఇక చూడాలి. తండ్రి చేసిన సేవ, కొడుకు చదువు, మండల నాయకుడు మింగిన బోరింగులు, అన్నీ ఏకరువు పెట్టాడు. కార్పెంటర్ ఊరుకుంటాడా, మధ్యలో దూరాడు. బావాబామ్మర్దులు కలిసి క్యాసెట్ రెండు వైపులా నింపేశారు. భార్య అడిగిన మాట మాత్రం అందులో ఎక్కడా లేదు. మర్నాడు క్యాసెట్ విమానమెక్కింది.

తీరా పార్టీ టికెట్ హైదరాబాద్ నుంచి దిగిన ఒక కాంట్రాక్టర్‌కిచ్చింది. ఆయనెవరో మా రూమ్‌లో ఒక్కరికీ తెలియదు. బావాబామ్మర్దులు ముఖముఖాలు చూసుకుని మళ్లీ ఒకే పొయ్యి ముట్టించారు.

ఎన్నిక అయ్యాక జవాబు క్యాసెట్ వచ్చింది. తమ ఉపన్యాసాన్ని ఊరు ఎంత మెచ్చుకుందో విందామని ఇద్దరూ ముందు వరసలో కూర్చున్నారు. వినిపించింది మేస్త్రి భార్య గొంతు. కోపం లేదు, ఏడుపూ లేదు.

"వాడకట్టోళ్లందరం కూసొని నీ క్యాసెట్ విన్నం. నాకేమన్న చెప్తవేమోనని రెండు దిక్కులా ఆఖరిదాంక విన్న. వస్తవో రావో ఒక్క ముచ్చట లేదు. ఓటెయ్యనైతే పోయిన. ఎవలికేసిననో ఇంటికొచ్చి అడుగు, అప్పుడు చెప్త."