నాన్న కంటికి ఒక హెల్మెట్

మా నాన్నకు పనిచేసే కన్ను ఒక్కటే. నేను బడికి పోయే రోజుల్లో, వెల్డింగ్ అతుకు మీద గట్టిపడ్డ పెంకును సుత్తితో కొడుతుంటే ఒక ముక్క ఎగిరి ఎడమ కంట్లో దిగింది. చూడటానికి ఆ కన్ను మామూలుగానే ఉంటుంది. వెలుగూ నీడా తప్ప దానికి ఇంకేమీ తెలియదు. అప్పటి నుంచి మా ఇంట్లో భయమంతా కుడికన్ను చుట్టూనే తిరుగుతోంది.

మదీనాగూడలో హైవే నుంచి లోపలికి తిరిగే సందులో మా షెడ్డు. గేట్లు, గ్రిల్స్, మెట్లకు రెయిలింగులు చేస్తాడు నాన్న. షెడ్డు వెనక రెండు గదుల్లో మేం ముగ్గురం ఉంటాం. నేను హైటెక్ సిటీలో టెస్టర్‌ని. ఇతరులు రాసిన సాఫ్ట్‌వేర్ ఎక్కడ చెడిపోతుందో ముందే ఊహించి వెతకడం నా పని. ఆ పని వల్ల భయం అలవాటైందో, భయస్తురాలిని కాబట్టే ఆ పని కుదిరిందో చెప్పలేను.

నాన్న చేతి షీల్డు వాడేవాడు. ఒక పిడి, మధ్యలో నల్లద్దం. ఒక చేతిలో అది, ఇంకో చేతిలో రాడ్ బిగించిన హోల్డర్. ఇనుప ముక్కను పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు. అందుకని ముక్కలు కదలకుండా ముందుగా వేసే చిన్న అతుకుల దగ్గర షీల్డు కింద పెట్టేసి, రాడ్‌ని గురి చూసుకుని, కళ్లు గట్టిగా మూసి, మొహం పక్కకు తిప్పి చటుక్కున తాకించేవాడు. మా సందులో అందరూ అలాగే చేస్తారు. కళ్లు మండిన రోజు ఆలుగడ్డ చక్రాలుగా కోసి రెప్పల మీద పెట్టుకుని పడుకుంటారు. మా ఫ్రిజ్‌లో ఒక ఆలుగడ్డ ఎప్పుడూ విడిగా ఉండేది. అమ్మ దాన్ని కూరకు ముట్టేది కాదు.

కొత్త కళ్లద్దాల కోసం పోయినప్పుడు డాక్టరు కుడికంటిని చాలాసేపు చూసి, "ఇక దీనికి దెబ్బ తగలనివ్వకండి" అన్నాడు. నాన్న తలూపి వచ్చేశాడు. నా చెవుల్లో మాత్రం ఆ మాట ఉండిపోయింది. ఆఫీసు క్యాబ్ కొత్తగూడ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, కడుతున్న ఏ టవర్ మీదో నీలం మెరుపు కనిపిస్తే నేనే కళ్లు మూసుకునేదాన్ని. పనివేళల్లో ఇంటి నుంచి ఫోన్ వస్తే ఎత్తకముందే కుర్చీలోంచి లేచి నిలబడేదాన్ని.

తలకు పెట్టుకునే హెల్మెట్ గురించి చదవడం మొదలుపెట్టాను. మామూలు అద్దంలోంచే పని కనిపిస్తుందట. మెరుపు పుట్టగానే దానంతట అదే నల్లబడుతుందట. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నేను దొరికినదల్లా చదివే మనిషిని. కొన్నవాళ్లు రాసిన అభిప్రాయాలన్నీ చదివాను. ధైర్యం రావడం మాట అటుంచి, 'ఒకసారి నల్లబడలేదు' అని ఎవరో రాసిన ఒక్క వాక్యం మిగతా పొగడ్తలన్నిటినీ మింగేసింది. డైరీలో కూడా ఆ రోజు అదొక్కటే రాసుకున్నాను. వస్తువును చేత్తో పట్టుకుని చూస్తే తప్ప కొనకూడదనుకున్నాను. అంటే దుకాణానికి పోయి, తెలియని మనిషితో మాట్లాడాలి.

హైవే మీది దుకాణంలో గ్రైండర్లు, గొలుసులు, చేతితొడుగులు వేలాడుతున్నాయి. కౌంటర్ వెనకాయన నన్ను చూసి, "బైక్ హెల్మెట్లు పక్క షాపులో అమ్మా" అన్నాడు.

"వెల్డింగ్‌ది" అన్నాను. నా గొంతు నాకే వినిపించలేదు.

"ఆఁ?"

"వెల్డింగ్ హెల్మెట్ అండి. దానంతట అదే నల్లబడేది."

"ఎవరికమ్మా?"

"నాన్నకి."

"మరి నాన్నగారిని తీసుకురాలేకపోయారా? పెట్టుకునే తలకాయ ఆయనది కదండి!"

రమ్మంటే రాడని చెప్పకుండా, పైనున్న పెట్టెల వైపు వేలు చూపించాను. ఆయన మూడు పెట్టెలు దింపాడు. మొదటిది చూపించి, "ఇది బాగా పోతుందండి" అన్నాడు.

"ఒక్కసారి నల్లబడకపోతే?"

"పడుద్దండి."

"పడకపోతే?"

ఆయన నా మొహం కేసి చూశాడు. ఆఫీసులో కూడా నన్ను అలాగే చూస్తారు. ఆ పెట్టె పక్కకు జరిపి, ఇంకోటి విప్పాడు. "అయితే ఇది తీసుకోండి. నల్లబడకపోయినా చెడ్డ కిరణాల్ని ఆపే పొర అద్దంలోనే ఉంటదండి. కళ్లు జిగేల్‌మంటాయి గానీ లోపల కాలదంట. నేను చెప్పటం కాదు, ఇదుగో, పరీక్ష చేసినట్టు దీని మీద ముద్ర కూడా ఉంది. కావాలంటే ఎండకి పెట్టి చూసుకోండి, ఎలా నల్లబడుద్దో!"

దుకాణం ముందు, హైవే అంచున నిలబడి, హెల్మెట్ పెట్టుకుని ఆకాశం వైపు మొహమెత్తాను. అద్దం టక్కున ముదురాకుపచ్చగా మారింది. సూర్యుడు అందులో చిన్న బిళ్లలా కనిపించాడు. పక్కన ఆగిన ఆటోలోంచి ఒక గొంతు, "ఏంది మేడమ్, చంద్రుని మీదికి పోతున్రా? గంత దూరం మీటర్ మీద రాను!" అంది. హెల్మెట్ తీస్తే మొహం కనబడుతుందని, ఆటో కదిలేదాకా అలాగే నిలబడ్డాను.

తలకు హాయిగా ఉండటం ఇంకో సంగతి. ఒక దాని బరువంతా ముందుకే ఉండి గడ్డాన్ని కిందికి లాగింది. ఇంకోటి కణతల దగ్గర నొక్కింది. ముద్ర ఉన్నదాంట్లో వెనక మర తిప్పి పట్టీ వదులు చేసుకోవచ్చు, లోపల కళ్లజోడుకు చోటుంది. గీత పడకుండా తెస్తే వాపసు తీసుకుంటానని ఆయన ఒప్పుకున్నాక, దాన్నే ఇంటికి తెచ్చి పెట్టుకుని కూర్చున్నాను. మెడ నొప్పి పుడుతుందో లేదో తేలాలంటే గంటల తరబడి తల వంచి ఉండాలి. నాకు తల వంచి చేసే పని ఒకటే తెలుసు. నవల తీసి ఒళ్లో పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను.

అమ్మ గుమ్మంలో ఆగిపోయింది. "మంచిగున్నది. పెండ్లి సూపులకు గిట్లనే కూసో. పిలగాడు మొగం సూడకుండనే ఒప్పుకుంటడు."

వెనకే వచ్చిన నాన్న చేతులు తుడుచుకుంటూ నా చుట్టూ తిరిగాడు. "గిదేంది? నాకా?"

"నీకే నాయినా."

"తాకిచ్చినంక నల్లగైతదా? అప్పటికే నా కన్ను సూసుడైపోతది గదా."

"రెప్ప కొట్టేలోపలే ఐతది. ఇగో, అద్దం మీద నాలుగు చుక్కలున్నయి సూడు. ఇవే దీని కండ్లు. మెరుపును ముందు ఇవి సూస్తయి. వీటి మీద దుమ్ము పడొద్దు. రోజూ తుడువాలె."

"తుడుస్త తియ్యి. పసిపిల్లలెక్క సూసుకుంట."

నిజంగానే అలా చూసుకున్నాడు. రోజూ పొద్దున పాత బనియన్ గుడ్డతో ఆ చుక్కల్ని తుడిచాకే మిషన్ ఆన్ చేసేవాడు. చేతి షీల్డు గోడకెక్కింది. ఫ్రిజ్‌లోని ఆలుగడ్డకు మొలకలొచ్చాయి. భయం పూర్తిగా పోలేదు గానీ, ఫోన్ మోగితే ఎవరని చూసేపాటి ఓపిక వచ్చింది.

దసరాకు నాన్న షెడ్డంతా కడిగి ఆయుధపూజ చేశాడు. మిషన్‌కు, గ్రైండర్‌కు, సుత్తులకు, డ్రిల్లుకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాడు. అమ్మా నేనూ గారెలు ముగించుకుని హారతికి వెళ్లేసరికి అన్నిటికంటే ముందు పీట మీద హెల్మెట్ ఉంది. బంతిపూల దండ దాని మొహాన్ని కప్పేసింది.

పండుగ తర్వాత కొత్తగూడలో ఒక అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తు బాల్కనీకి గ్రిల్ బిగించే పని. నేను ఆఫీసులో మీటింగులో ఉండగా ఫోన్ వచ్చింది.

"బిడ్డా, జర రాగలవా?" నాన్న గొంతు ఎప్పటికన్నా నెమ్మదిగా ఉంది. "అంత తెల్లగైంది."

"ఏం తెల్లగైంది?"

"కన్ను."

మీటింగులోంచి ఎవరికీ చెప్పకుండా లేచాను. లాప్‌టాప్ తెరిచే ఉంది. ఆటోలో కూర్చున్నాక గాని అది గుర్తు రాలేదు. దారిలో మళ్లీ ఫోన్ చేయాలంటే భయం. ఎత్తకపోతే? ఆయనున్నది మూడో అంతస్తు, బాల్కనీ, గ్రిల్ ఇంకా లేదు. చూపులేని మనిషి ఒక్క అడుగు అటు వేస్తే చాలు. ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని, అది మోగకుండా ఉంటే చాలన్నట్టు కూర్చున్నాను.

ఇల్లు ఖాళీగా ఉంది. యజమానులు ఇంకా దిగలేదు. బాల్కనీ తలుపుకు ఇవతల, గోడకు వీపు ఆనించి నాన్న నేల మీద కూర్చుని ఉన్నాడు. కుడికంటి మీద అరచెయ్యి. హెల్మెట్ పక్కనే బోర్లా పడి ఉంది.

"నాయినా!"

"ఆగాగు, బాల్కనీల వైర్లున్నయి. తట్టుకుంటవు." చెయ్యి తీశాడు. కన్ను నీళ్లు కారుతోంది. నా వైపే తిప్పాడు గానీ, చూపు నా భుజం పక్కనుంచి ఎటో పోయింది. "కనవడుతలేవు. నీ జాగల తెల్లటి ముద్ద ఉన్నది."

"ఏమైంది?"

"రాడ్ తాకిచ్చిన, తెల్లగ కొట్టింది. హెల్మెట్ల బ్యాటరీ లూజైందేమోనని సూసి మళ్ల తాకిచ్చిన. మళ్ల గంతే. రెండు మూడు సార్లు. ఇగ ఏం కనవడలే. లోపలికి పాక్కుంట వచ్చి, కూసున్న కాడనే కూసున్న. నంబర్ కనవడకపోతే నీ పేరు ఫోనుకు నోటితోని చెప్పిన."

హెల్మెట్‌ని చంకన పెట్టుకుని, ఆయన చెయ్యి నా భుజం మీద వేసుకుని మెట్లు దిగాం. ప్రతి మెట్టుకూ 'మెట్టు' అని చెప్పాను. చిన్నప్పుడు ఆయన నాకు అలాగే చెప్పేవాడేమో, గుర్తులేదు. ఆ రోజు ఆ చేతి బరువు మాత్రం ఎప్పటికీ మరిచిపోలేను.

కళ్ల దవాఖానలో మందు చుక్కలు వేసి, కళ్లు మూసుకుని ఉండమన్నారు. నాన్న బెంచీ మీద తల వెనక్కి వాల్చాడు. నేను హెల్మెట్‌ని ఒళ్లో పెట్టుకున్నాను. దాన్ని కొన్నది నేను. దాని మీద చదవని అక్షరం లేదు. ఎక్కడ తప్పిందో తెలియక అటూ ఇటూ తిప్పుతుంటే అద్దం అంచు దగ్గర ఎర్రగా కనిపించింది. నాలుగు చుక్కల మీద నాలుగు కుంకుమ బొట్లు. గుండ్రంగా, కొలిచి పెట్టినట్టు, ఒక్కొక్కటి సరిగ్గా చుక్కను కప్పుతూ. కింద పసుపు ఎండి పొరలా అతుక్కుని ఉంది.

"నాయినా, దీని కండ్ల మీద బొట్లు పెట్టినవు."

"మరి? అన్నిటికీ పెట్టి దానికి పెట్టకుంటే ఎట్ల?"

"వాటి మీద ఏం పడొద్దని చెప్పిన గదా."

"దుమ్ము పడొద్దన్నవు. బొట్టు దుమ్మా?"

రుమాలు తీశాను. తుడవడానికి చెయ్యి రాలేదు. పూజలో పెట్టిన బొట్టు. నాన్న కంటి సంగతి ఇంకా తేలలేదు. ఈ క్షణంలో దాన్ని చెరిపితే ఏమవుతుందో! ఇంత చదివి, ఇన్నేళ్లు పరీక్షలు చేసే ఉద్యోగం చేసి, ఒక కుంకుమ చుక్కకు భయపడుతున్నాను. రుమాలు మళ్లీ సంచిలో పెట్టేశాను.

డాక్టరమ్మ నాన్న కంట్లోకి వెలుగు వేసి, అన్ని వైపులా చూడమని చాలాసేపు చూసింది. హెల్మెట్ కూడా అడిగి తీసుకుంది. "లోపల కాలిన గుర్తు కనబడట్లేదు. నల్లబడకపోయినా ఈ అద్దం చాలావరకు ఆపినట్టుంది. ఆ తెల్లదనం మిరుమిట్ల వల్లే. తగ్గాలి. కానీ రేపటిదాకా గట్టిగా చెప్పలేను. కంట్లో ఇసుక పోసినట్టు నొప్పి మొదలైతే వెంటనే రండి."

ఆ 'తగ్గాలి' అన్న మాటనే పట్టుకుని ఇంటికి వచ్చాం. మందు చుక్కల వల్ల సాయంత్రమంతా ఆయనకు అన్నీ మసకగానే ఉన్నాయి. ఏది మందు మసకో, ఏది కంటి మసకో తెలుసుకునే దారి లేదు. అమ్మ అన్నం కలిపి నోట్లో పెడుతుంటే నేను గది బయట నిలబడ్డాను.

తెల్లవారాక కాఫీ గ్లాసు పట్టుకుని మంచం దగ్గరికి వెళ్లాను. నాన్న కళ్లు తెరిచి, కొంచెం చిట్లించి నన్ను చూశాడు.

"నీ మొగమేంది గట్ల పీక్కపోయింది? రాత్రి పండుకోలేదా?"

గ్లాసు కింద పెట్టేసి వంటింట్లోకి పారిపోయాను.

కానీ మళ్లీ పని మొదలుపెట్టిన రోజు గోడ మీంచి చేతి షీల్డు దిగింది. బొట్లన్నీ నాన్నే తడిగుడ్డతో తుడిచి, హెల్మెట్‌ని మూలన పెట్టాడు. "దాన్ని ఇంక నమ్మ బిడ్డా. మూసుకున్న రెప్పే నయం." చిన్న అతుకు వేయాల్సి వచ్చి షీల్డు కింద పెట్టాడు. కళ్లు మూసి, మొహం పక్కకు తిప్పాడు. కుడికన్ను నా వైపు ఉంది, రెప్ప కింద.

"ఆగు" అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ మాట్లాడలేదు. "నేను తాకిస్త."

"నువ్వా?"

"నువ్వు షీల్డు అడ్డం పెట్టుకొని సూడు. ఇది నల్లగ కాకుంటే నాకే తెలుస్తది."

హెల్మెట్ పెట్టుకుని, వెనక మరను నా తలకు బిగించుకున్నాను. చేతులకు తొడుగులు వేసుకుని హోల్డర్ పట్టుకున్నాను. నా రెండు కళ్లూ తెరిచే ఉంచాలి. అవి మూసుకుంటే ఈ పరీక్షకు అర్థం లేదు. రాడ్ ఇనుముకు తగలగానే చిటపటమని శబ్దం, ఆ శబ్దం కంటే ముందే అద్దంలో ఆకుపచ్చ చీకటి, దాని నడుమ చిన్న వెలుగు. మరుక్షణం రాడ్ ఇనుముకు కరుచుకుపోయింది. ఎంత లాగినా రాలేదు.

"అతుక్కున్నది! పక్కకు తిప్పి గుంజు, పక్కకు! సెట్టు పీకినట్టు మీదికి గుంజుతవేంది?" నాన్న నవ్వుతూ వచ్చి హోల్డర్ తిప్పి లాగేశాడు. "నల్లగైందా?"

"ఐంది."

"ఒట్టు?"

"ఒట్టు నాయినా."

ఆయన నా తల మీంచి హెల్మెట్ తీసి, నాలుగు చుక్కల్ని బొటనవేలితో ఒక్కొక్కటిగా తడిమాడు. మర వదులు చేసి తన తలకు పెట్టుకుని, అద్దం కిందికి దించాడు. "జరుగు. మొగం అటు తిప్పుకో."

గోడ వైపు తిరిగి నిలబడ్డాను. నా నీడ చుట్టూ నీలం వెలుగు పడుతోంది, ఆగుతోంది. ఆగినప్పుడల్లా, ఆయన రాడ్ మార్చుకుంటున్నాడని తెలిసినా, మళ్లీ ఆ వెలుగు గోడ మీద పడేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాను.